భర్త సంతకం అక్కర్లేదు

ప్రశ్న: నాకు ఇద్దరు పిల్లలు. కాపర్ టీ ఉన్నా నెల తప్పింది. మూడో కాన్పు తలుచుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అబార్షన్‌కి వెళ్తే భర్త సంతకం తెమ్మన్నారు. ఆయన ఒప్పుకోవడం లేదు.
- ఒక సోదరి, రేపల్లె

జవాబు: అమ్మా, పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషి విషయంలో 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. భర్త సంతకం ఊసే అందులో లేదు. ఇక అత్తగారి అనుమతి సరేసరి! మైనర్లకు, మానసిక వ్యాధి ఉన్నవారికి మాత్రం సంరక్షకుల సమ్మతి కావాలి. నిద్ర పట్టడం లేదన్నంత మాత్రాన మీరు ఆ లెక్కలోకి రారు.

పైగా ఆ నిద్ర పట్టకపోవడమే చట్టం దృష్టిలో పెద్ద విషయం. గర్భం వల్ల ప్రాణానికే కాదు, మనసుకు తీవ్రమైన హాని కలిగేటట్టున్నా 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో తీయించుకోవచ్చు. గర్భనిరోధక సాధనం పనిచేయక వచ్చిన గర్భమైతే, ఆ వేదనను అలాంటి హానిగానే భావించవచ్చని చట్టమే చెబుతోంది. 2021 సవరణ ఆ మాటలో ‘భర్త’ను తీసేసి ‘భాగస్వామి’ అని చేర్చింది. 20 దాటి 24 వారాల లోపు కొన్ని వర్గాలకే వీలు, అదీ ఇద్దరు డాక్టర్లు చెబితే. అందులో పెళ్లికాని వారినీ కలపాలని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

మన ఊళ్లలో పొద్దున ఆస్పత్రికి వెళ్తే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అందుకే చాలామంది మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టుకుంటారు. ఆ పని చేయకండి. గుట్టు బయటపడుతుందని భయమూ వద్దు. మీ వివరాలు అర్హత లేనివారికి చెప్పిన డాక్టరుకు ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు.

అయిపోయాక కొందరికి బరువు దిగినట్టుంటుంది, కొందరికి ఏడుపు ఆగదు. రెండూ తప్పు కాదు. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. చట్టప్రకారం ప్రసూతి ప్రయోజనాలు వర్తించే ఉద్యోగమైతే ఆరు వారాల జీతంతో సెలవు మీ హక్కు. అడగడానికి సిగ్గుపడొద్దు.

ఇంకా సంతకం కోసం పట్టుబడితే తెనాలి, బాపట్ల, రేపల్లె ఎక్కడైనా కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు. ఫోన్ 15100. వారాలు గడిచిపోతున్నాయి తల్లీ, రేపే వెళ్లండి.