ఆ లైను ఎందుకుందో తేలాకే తీసెయ్

చంద్రశేఖరపురం



లినక్స్ కెర్నల్‌లో డ్రైవర్ కోడ్ బాగుచేసే పని అప్పగించారని, కొత్తవాళ్ల మీద పడేసే చిల్లర పనేనని నువ్వు చిన్నబుచ్చుకున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ పనితోనే పేరు తెచ్చుకున్నవాళ్లున్నారు.

2009 జులైలో మైక్రోసాఫ్ట్ వర్చువల్ మిషన్లు నడిపే తన హైపర్-వి డ్రైవర్ల కోడ్, సుమారు 20 వేల లైన్లు, లినక్స్‌కి ఇచ్చింది. అది నేరుగా లోపలికి పోలేదు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2008లో తెరిచిన ‘స్టేజింగ్’ డైరెక్టరీలో ఆగింది. పనిచేస్తూనే పద్ధతికి రాని డ్రైవర్లుండే చోటది. ఏమేం దిద్దాలో పక్కనే టూడూ ఫైల్లో రాసుంటుంది. మైక్రోసాఫ్ట్ ఇంజినీరు కె.వై. శ్రీనివాసన్ ఆ పనికి పూనుకున్నాడు. 2011లో వచ్చిన లినక్స్ 3.0లో అందరికంటే ఎక్కువ మార్పులు ఆయనవే: 343. 2012 జనవరిలో 3.2 వచ్చేసరికి ఆ డ్రైవర్ల ముఖ్యభాగం స్టేజింగ్ దాటింది.

అంకె అంత పెరగడానికి కారణముంది. అక్కడ ఒక ప్యాచ్‌కి, అంటే పంపే ఒక్కో మార్పుకి, ఒక్కటే పని. పేరు మార్చడం, తప్పు దిద్దడం ఒకే ప్యాచ్‌లో కలిపితే తిప్పి పంపుతారు.

చెక్‌ప్యాచ్ స్క్రిప్టు ట్యాబులూ ఖాళీలూ పట్టిస్తుంది గానీ, దానికి హార్డ్‌వేర్ సంగతి తెలీదు. పరికరం రిజిస్టర్లో రైట్‌ఎల్‌తో రాసి, వెంటనే రీడ్‌ఎల్‌తో చదివి, చదివిన విలువను వాడకుండా వదిలేసిన లైను కనబడుతుంది. దండగలా ఉంటుంది. కానీ పీసీఐ బస్‌లో రాసింది పరికరానికి చేరకుండా దారిలో ఆగి ఉండొచ్చు. ఆ పరికరం నుంచే తిరిగి చదివితే ముందు రాసింది చేరి తీరుతుంది. ఆ లైను పీకేస్తే నీ మిషన్లో బాగానే నడిచి, ఇంకెవరి దగ్గరో ఎప్పుడో మొరాయిస్తుంది.

ఇక డెవ్‌ఎం ఫంక్షన్లు డ్రైవర్ కోసం తీసుకున్న మెమరీ, ఇంటరప్ట్‌ల్లాంటివాటిని తామే వదిలేస్తాయి కాబట్టి, తప్పు జరిగినప్పుడు అవి వదలడానికి రాసే గోటూల వరస తగ్గుతుంది. అయితే ఇంటరప్ట్‌ని డెవ్‌ఎంకి అప్పగించి, బఫర్‌ని రిమూవ్‌లో కెఫ్రీతో నువ్వే వదిలితే చిక్కే. డెవ్‌ఎం తనవి వదిలేది రిమూవ్ ముగిశాకే కాబట్టి, బఫర్ పోయాక కూడా ఇంటరప్ట్ రావచ్చు. అప్పుడు దాని హ్యాండ్లర్, వదిలేసిన మెమరీని ముట్టుకుంటుంది.

మార్పుల చరిత్రంతా దాచే గిట్, మార్కాపురం పలకలా తుడిస్తే పోయేది కాదు. ఏ లైను ఎవరు, ఎందుకు పెట్టారో బ్లేమ్ కమాండుతో వెతుకు. కారణం దొరక్కపోతే ఆ డ్రైవర్ చూసేవాళ్లనడుగు. వాళ్లెవరో గెట్ మెయింటెయినర్ స్క్రిప్టు చెబుతుంది. పరికరం చేతిలో లేకపోతే, కంపైల్ చేసి మాత్రమే చూశానని ప్యాచ్‌లో రాసెయ్.

ఇట్లు,
మీ పెదనాన్న