మానిన గాయం

ఒకే మైదానంలో, ఒకే బంతి వెంట, తొంభై నిమిషాలపాటు పరుగెత్తే ఫుట్‌బాల్ క్రీడాకారులలో కొందరు ఏళ్ల తరబడి దాదాపు విరామం లేకుండా ఆడుతారు. మరికొందరు ప్రతి సంవత్సరం నెలలకొలదీ వైద్యుల పర్యవేక్షణలోనే గడుపుతారు. ఇటలీకి చెందిన పావొలో మాల్దీని నలభై ఏళ్లు దాటిన తరువాత, 2009లో గాని ఆట విరమించలేదు. ఇంగ్లాండుకు చెందిన మైకేల్ ఓవెన్ పద్దెనిమిదేళ్ల వయసులో, 1998 ప్రపంచ కప్ పోటీలలో అర్జెంటీనాపై సాధించిన గోలుతో లోకాన్ని విస్మయపరిచాడు. కాని ఇరవయ్యవ ఏడు నిండకముందే అతనిని గాయాలు వెంటాడసాగాయి. ఇటువంటి ఆటగానికి ‘గాజు కాళ్లవాడు’ అని పేరు పెట్టడం ప్రేక్షకులకు పరిపాటి. ఆ పేరు న్యాయమైనదేనా?

కర్ణుని చావుకు కారణాలు అనేకమని తెలుగువారు అంటారు. ఆటగాని గాయం విషయంలోనూ ఆ మాట చెల్లుతుంది. గోల్‌కీపరుకు పరుగు తక్కువ కనుక గాయాలూ తక్కువ. వయసు పైబడిన కొలదీ పిక్క కండరాలు, తొడ వెనుక కండరాలు సులభంగా చిరుగుతాయి. మోకాలిలో ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంటు తెగడం స్త్రీలలో పురుషులకంటే రెండు మూడు రెట్లు అధికం. ఇంగ్లాండు క్రీడాకారిణులు లియా విలియమ్సన్, బెత్ మీడ్ 2023 ప్రపంచ కప్‌కు దూరం కావడానికి కారణం ఇదే. ఇక సాధనలోకంటే పోటీలో గాయాలు అనేక రెట్లు ఎక్కువ. కాబట్టి మూడు నాలుగు రోజులకొకసారి బరిలోకి దిగవలసివచ్చే మేటి ఆటగాడు, బల్లమీద కూర్చున్న అదనపు ఆటగానికంటే ప్రమాదానికి చేరువగా ఉంటాడు. మనం గాజు కాళ్లవాడని నవ్వే మనిషి నిజానికి అందరికంటే ఎక్కువ పరుగెత్తినవాడై ఉండవచ్చు.

వీటన్నిటినీ మించిన కారణం మరొకటి ఉన్నది. అది వెనుకటి గాయం. స్వీడన్ దేశపు వైద్యాచార్యుడు యాన్ ఎక్‌స్ట్రాండ్ నాయకత్వంలో 2001లో యూరప్ అగ్రశ్రేణి జట్ల గాయాలను నమోదు చేసే పరిశీలన ప్రారంభమైనది. ఇరవై ఐదుగురు గల జట్టులో ఒక సీజనుకు సుమారు 50 గాయాలు, అంటే తలకు రెండు చొప్పున, లెక్కకు వచ్చాయి. అయితే అవి అందరికీ సమానంగా తగలవు. తొడ వెనుక, గజ్జలో లేదా మోకాలిలో ముందు సంవత్సరం దెబ్బతిన్న ఆటగానికి అదే చోట మళ్లీ గాయమయ్యే అవకాశం తక్కినవారికంటే రెండు మూడు రెట్లు ఉన్నట్లు తేలింది.

ఎందుకిలా జరుగుతుంది? తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాల పనిని గమనిద్దాం. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు, ముందుకు విసరిన కాలు నేలను తాకబోయే ముందు ఈ కండరాలు సాగుతూనే కాలిని పట్టి నిలపాలి. సాగడం, బిగియడం ఏకకాలంలో జరిగే ఆ లిప్తపాటులోనే అవి ఎక్కువగా చిరుగుతాయి. చిరిగినచోట ప్రకృతి అతుకు వేస్తుంది గాని, ఆ అతుకు కండరంవలె సాగదు. బట్టకు మాసిక వేస్తే మాసిక నిలిచి, దాని అంచున బట్ట చిరగడం మనం చూసినదే. పైగా నొప్పి పోయిన తరువాత కూడ మెదడు ఆ కండరాన్ని పూర్తి శక్తితో పనిచేయనివ్వదు. నొప్పి లేకపోవడం వేరు, బలం చేకూరడం వేరు. తిరగబెట్టే హ్యామ్‌స్ట్రింగ్ గాయాలలో అధికభాగం ఆటగాడు మైదానానికి తిరిగివచ్చిన రెండు నెలలలోపే తిరగబెడుతాయి.

ఓవెన్‌కు 1999 ఏప్రిల్‌లో లీడ్స్‌లో జరిగిన పోటీలో చిరిగినది ఈ కండరమే. ఆ తరువాత రెండేళ్లకు యూరప్‌లో ఉత్తమ ఆటగానిగా బాలన్ డోర్ పురస్కారం అందుకున్నాడు. అయినా తన వేగం మునుపటి స్థాయికి చేరలేదని అనంతరకాలంలో అతడే చెప్పుకున్నాడు. బ్రెజిల్ వీరుడు రొనాల్డో కథ మరింత బాధాకరం. 1999 నవంబరులో కుడి మోకాలు దెబ్బతిని, శస్త్రచికిత్స తరువాత అయిదు నెలలకే, 2000 ఏప్రిల్‌లో రోము నగరంలో లాత్సియో జట్టుపై బరిలోకి దిగాడు. కొద్ది నిమిషాలలోనే, ఎవరూ తాకకుండానే, అదే మోకాలు పట్టుతప్పి కూలిపోయాడు. తరువాతి సీజను మొత్తం అతనికి ఆట లేదు. 2002 ప్రపంచ కప్‌లో ఎనిమిది గోలులు చేసినది ఈ మోకాలితోనే.

ఇక్కడ మన హైదరాబాదుతో ముడిపడిన ఒక సంఘటన గుర్తుకు వస్తుంది. 1962 జకార్తా ఏషియన్ క్రీడలలో భారతజట్టు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. రక్షణ వరుసలో ఆడే జర్నైల్ సింగ్‌కు పోటీల నడుమ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని దాడి వరుసకు మార్చాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్‌లో ఒక గోలు జర్నైల్ సింగ్‌దే. ఈ కథను మనం గర్వంగా చెప్పుకుంటాము, చెప్పుకోవలసినదే. (తలకు దెబ్బ తగిలినవానిని నేటి వైద్యులు అంత సులభంగా ఆడనివ్వరన్నది వేరే సంగతి.) కాని ఇటువంటి కథలు చెప్పి, కుంటుతున్న పిల్లవానిని మళ్లీ ఆటకు పంపేవారిని నేను ఎరుగుదును. చర్మం తెగితే అందరికీ కనబడుతుంది, కండరంలోని చిరుగు ఆ పిల్లవానికి తప్ప మరొకరికి తెలియదు. జట్టులో చోటు పోతుందన్న భయంతో అతడు దానిని బయటపెట్టడు.

యూరప్ జట్లలోనూ పరిస్థితి ఇంతకంటే మెరుగని చెప్పలేము. శిక్షకునికీ వైద్యునికీ మధ్య మాట పొసగని జట్లలో గాయాల భారం అధికమని ఎక్‌స్ట్రాండ్ బృందమే 2018లో వెల్లడించింది. మొత్తం గాయాలలో హ్యామ్‌స్ట్రింగ్ గాయాల వాటా 2001-02లో 12 శాతం ఉండగా 2021-22 నాటికి 24 శాతానికి పెరిగింది. చికిత్స లేక కాదు. మోకాళ్లపై నిలిచి, మడమలను తోటివాడు పట్టుకోగా, శరీరాన్ని నెమ్మదిగా ముందుకు వాల్చే వ్యాయామం ఒకటి ఉన్నది. నార్డిక్ వ్యాయామమని పేరు. దీనికి యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. ఇది హ్యామ్‌స్ట్రింగ్ గాయాలను సుమారు సగానికి తగ్గిస్తుందని పరీక్షలలో రుజువైనది. అయినప్పటికీ యూరప్ అగ్రశ్రేణి జట్లలో అత్యధికం దానిని సక్రమంగా ఆచరించడం లేదని 2015లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.