తుఫానును లెక్కకట్టు విద్య

విద్యార్థులారా! 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి మన బరంపురమున కన్నుమూసి నిద్రించినవారు అరుదు. ఆ రాత్రి ఫైలిన్ అను తుఫాను గోపాలపురము చెంత తీరమును దాటెను. గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో వీచెను. గేట్ బజారులో ఇంటికప్పుల రేకులు లేచి పడుచున్న చప్పుడును మేము తలుపులు బిగించుకొని తెల్లవార్లు వింటిమి. ఉదయమున చూడగా చెట్లు వీధికడ్డముగా పడియుండెను. కరెంటు పెక్కు దినములు రాలేదు. మీలో పలువురప్పటికి పుట్టనేలేదు, పెద్దలనడిగి తెలిసికొనుడు.

అయితే మేమిచట చెప్పదలచినది ఆ గాలిని గూర్చి కాదు, అది రాకపూర్వము నాలుగు దినములు జరిగిన లెక్కను గూర్చి.

1999వ సంవత్సరము అక్టోబరు 17న ఒక తుఫాను గోపాలపురము వద్దనే తాకెను. పండ్రెండు దినములైన పిమ్మట, 29వ తేదీన, మహాతుఫాను పారదీపు ప్రాంతమున విరుచుకొనిపడెను. ఉప్పెనలో దాదాపు పదివేలమంది ప్రాణములు గోల్పోయిరి. ఫైలిన్ నాడో, ఒడిశాలో సుమారు పదిలక్షలమందిని ముందుగనే తీరమునుండి తరలించిరి. తరువాతి వరదలలో పోయినవారిని కలుపుకొన్నను మృతులు యాభైమందికి లోపే. ఇంతటి భేదమునకు 1999 తరువాత కట్టిన తుఫాను ఆశ్రయభవనములు, ఆ యేడే ఏర్పడిన రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, గ్రామగ్రామమున పనిచేసిన సిబ్బంది కారణములు. కాని ఎవరిని, ఎచటినుండి, ఎప్పుడు తరలించవలెనో ముందు తెలియవలెను గదా! అది తెలిపినది గణితము.

గాలియు నీటివలె ప్రవహించు పదార్థమే. మీరు చదువుచున్న న్యూటను చలనసూత్రములకది లోబడియుండును. భూగోళమును చదరంగపు బల్లవలె గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోని వాయుపీడనము, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగము తెలిసికొన్నచో, కొన్ని నిమిషముల తరువాత అవి ఎట్లు మారునో లెక్కకట్టవచ్చును. వచ్చిన ఫలితముతో మరల లెక్క. దానితో మరల లెక్క. ఇట్లు రేపటికిని, ఎల్లుండికిని చేరుదురు. దీనినే గణిత నమూనా యందురు.

రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయుడు కంప్యూటర్లు లేని కాలమున ఈ పనిని చేతితో చేసి, 1922లో గ్రంథముగా ప్రకటించెను. ఆరుగంటల వాతావరణమును లెక్కించుటకాతనికి వారములు పట్టెను. ఫలితమో, పూర్తిగా తప్పు. ఆ తప్పును దాచక ముద్రించినందుకు మేమాతనిని మిక్కిలి గౌరవింతుము. 1950లో అమెరికాలో చార్నీ బృందమువారు ఎనియాక్ అను యంత్రముపై లెక్కించి సఫలులైరి.

మనదేశమున 1988లో జాతీయ మధ్యకాలిక వాతావరణ పూర్వసూచన కేంద్రము ఏర్పడినది. తొలినాళ్ల నమూనాలో ఒక్కొక్క గడి సుమారు 150 కిలోమీటర్లు. అనగా గేట్ బజారు, గోపాలపురము, ఛత్రపురము, ఇచ్ఛాపురము, పర్లాకిమిడి, అన్నియు దాదాపు ఒక్క గడిలోనే ఇమిడిపోవును! తుఫాను కన్ను కొన్ని పదుల కిలోమీటర్లకు మించదు. వలకన్ను పెద్దదైనచో చేప జారిపోవునని మన తీరపు జాలరులకు వేరుగా చెప్పనేల?

ఈ చిక్కుపై దీర్ఘకాలము కృషిచేసినవారిలో మన ఒడిశావారైన ఆచార్య ఉమాచరణ్ మహంతిగారొకరు. ఢిల్లీ ఐ.ఐ.టి.లోను, పిదప భువనేశ్వరము ఐ.ఐ.టి.లోను ఆచార్యులుగానుండిరి. 1993లో భట్నాగర్ పురస్కారమునందిరి. సన్నని గడులుగల ప్రాంతీయ నమూనాలను వారును, వారి శిష్యులును బంగాళాఖాతపు తుఫానులకు అన్వయించిరి. 1999 మహాతుఫానును మరల యంత్రములో నడిపించి చూచిన వారి పరిశోధనము 2004లో వెలువడెను. గడచిన తుఫానును లెక్కించుట దేనికని మీరడుగవచ్చును. జవాబు ముందే తెలిసిన లెక్కయైననే గదా, మన పద్ధతిలో తప్పెచటనున్నదో బయటపడునది!

అసలు కష్టము ఆరంభముననే యున్నది. సముద్రము నడుమ వాతావరణ కేంద్రములుండవు. కావున యంత్రమునకిచ్చు మొదటి పటములో తుఫాను బలహీనముగనో, కొంత ప్రక్కకు జరిగియో కనబడును. మొదటి అడుగే తప్పినచో గమ్యమేమగును? అందుచే ఉపగ్రహములు, రాడార్లు చూపిన ఆధారములతో తుఫాను సుడిని సరియైన చోట, సరియైన బలముతో నిలిపి లెక్క ప్రారంభింతురు. ఇంత చేసినను, దారిని చెప్పుటకంటె బలమును చెప్పుట నేటికిని కష్టతరమే.

ఇచట మన తెలుగువారైన పంచేటి కోటేశ్వరముగారిని తలపకున్న వ్యాసము వెలితియగును. వానకాలమున మన నెత్తిపై పదునాలుగు పదునైదు కిలోమీటర్ల ఎత్తున తూర్పునుండి పడమరకు దూసుకుపోవు గాలిప్రవాహమును గుర్తించి 1958లో వివరించినది వారే. తరువాత 1969 నుండి 1975 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా నుండిరి. నైరృతి ఋతుపవనమును లెక్కించు నమూనా యెంత మంచిదో చూచుటకు, ఆ ప్రవాహమునది చూపగలుగుచున్నదా లేదా యన్నది నేటికిని ఒక పరీక్ష.

ఫైలిన్ వచ్చునపుడు విదేశ సంస్థలు కొన్ని అది మహాతుఫానగునని చెప్పెను. మన శాఖవారు తమ లెక్కను విడువలేదు; కళింగపట్నము, పారదీపుల నడుమ, గోపాలపురము దాపున దాటునని చెప్పిరి. అట్లే జరిగెను. అయినను గర్వింపరాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటి, గజపతి జిల్లా కొండలలో కురిపించిన వానకు చరియలు విరిగి ప్రాణములు పోయినవి. కొండవాలులో ఏ గ్రామమునకు ముప్పో చెప్పుట వేరొక విద్య. 2025 మే నెలలో ఆరు కిలోమీటర్ల గడులుగల నమూనాను మనదేశమున ప్రవేశపెట్టిరి. ఇప్పటికి గేట్ బజారును, గోపాలపురమును వేరువేరు గడులైనవి!

మరియొక దూరమును ఏ యంత్రమును తగ్గించలేదు. గోపాలపురము, ఆర్యపల్లి తీరములందలి జాలరి కుటుంబములలో తెలుగు మాటలాడువారు అనేకులు. హెచ్చరిక ఒడియాలోను, ఆంగ్లములోను వచ్చును. మీరు మూడు భాషలు చదువుచున్నారు. బులెటిన్‌లోని అక్షాంశ రేఖాంశములను చూచి, తుఫానెచటనున్నదో పటములో గుర్తించి, తాతకును నాయనమ్మకును తెలుగున చెప్పగలవారు మీరే. రానున్న అక్టోబరునకు ముందే తొమ్మిదవ తరగతివారు బంగాళాఖాతపు పటమును గీసి తేవలెను. అండమాను సముద్రమునుండి గోపాలపురము వరకు ఫైలిన్ నడిచిన దారిని అందు గుర్తింపవలెను. మొదట 150 కిలోమీటర్ల గడులు గీయుడు. ఆరు కిలోమీటర్లవి గీయబోవువారు పెన్సిలు బాగుగా చెక్కుకొని రండు.