నెలసరి గురించి నాటిక వేయిస్తే తప్పా?

ప్రశ్న: మా హైస్కూలులో ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు నెలసరి గురించి నాటిక రూపంలో చెప్పాలని ఉంది. తల్లిదండ్రులు ఒప్పుకోరేమో. మామూలు పాఠంలా చెబితే సరిపోదా? – ఒక ఉపాధ్యాయిని

జవాబు: సరిపోదనే నా అభిప్రాయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-24 ఏళ్లవారిలో నెలసరికి పరిశుభ్రమైన పద్ధతులు వాడేవారు 2015-16లో 58 శాతం. 2019-21 నాటికి సుమారు 78 శాతం. ప్యాడ్లు చాలావరకు అందుతున్నాయి. కానీ ప్యాడు అందినంత మాత్రాన నోరు పెగలదు. డ్రెస్ మీద మరక పడి, బెంచీ మీద నుంచి లేవలేక కూర్చున్న పిల్ల మాస్టారితో ఏమని చెప్పాలి? ఆ మాట పుస్తకంలో ఉండదు, పలికి అలవాటు చేసుకోవాల్సిందే. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970ల్లో రూపొందించిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. సరిగ్గా ఆ చిక్కు దగ్గర నాటిక ఆపుతారు. చూస్తున్నవాళ్లలో ఒకరు లేచి వచ్చి, ఆ పాత్రలో తనైతే ఏం చేస్తుందో చేసి చూపిస్తుంది. తర్వాత ఇంకొకరు.

సిగ్గంటారా, పాత్ర చాటున మాట్లాడటం తేలిక. సొంత అనుభవం చెప్పమని మాత్రం ఎవరినీ అడగకండి. పెద్దమనిషైతే బంధువులందరినీ పిలిచి వేడుక చేసే మనకు, అదే విషయం బడిలో మాట్లాడితే తప్పెలా అవుతుంది? తల్లులను ముందే పిలిచి స్క్రిప్టు చదివి వినిపించండి. నాటికలో తప్పుడు సమాచారం దొర్లుతుందన్న భయం మాత్రం న్యాయమైనదే. అందుకే చివర ఏఎన్ఎం చేత సందేహాలు తీర్పించండి: ప్యాడు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి, గంటకొకటి తడిసిపోతున్నా, 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోయినా డాక్టరుకు చూపించాలి.