ప్రశ్నలు – జవాబులు: అందఱి దారిలో ఎవరి వంతు వారిది

ఈ పర్యాయము చేరిన ఉత్తరములలో కొన్ని సర్క్యూటు బోర్డుమీది బస్సును గూర్చినవి, కొన్ని కోటిపల్లి బస్టాండునుండి బయలుదేరు బస్సును గూర్చినవి. వానిని వేఱుచేయక ఒక్కచోటనే చేర్చితిమి. ఏలయన, పలువురు కలిసి వాడుకొను దారి ఏదైనను, దాని క్షేమము తన వంతు వచ్చువఱకు ప్రతివాడును ఆగుటపైనను, ఒకని చేటు తక్కినవారికి పాకకుండ ముందే చేసికొన్న యేర్పాటుపైనను ఆధారపడి యుండునని జవాబులు వ్రాయుచుండగా మాకు మరల మరల తోచినది.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదువుతున్నానండి. ప్రాజెక్టు కోసం 8085తో బ్రెడ్‌బోర్డు మీద చిన్న సిస్టమ్ కట్టాను. ఈప్రామ్ ఒక్కటే ఉన్నప్పుడు బాగానే నడిచింది. రామ్ కూడా పెట్టగానే డేటా అంతా చెత్తగా వస్తోంది, రెండు ఐసీలూ వేడెక్కుతున్నాయి. తప్పెక్కడుందో తెలియడం లేదు.
— విద్యార్థి, ధవళేశ్వరం

జవాబు: నాయనా, ఐసీలు వేడెక్కుచున్నవని నీవు వ్రాసిన ఒక్క మాటయే రోగమును పట్టియిచ్చుచున్నది. డేటా బస్సనగా ఎనిమిది తీగల ఉమ్మడి మార్గము. ప్రాసెసరు, ఈప్రాము, రాము మూడును ఆ యెనిమిది తీగలనే ఆశ్రయించి యుండును. వినువారు ఎందఱైనను ఉండవచ్చును గాని, ఒక క్షణమున పలుకువాడు ఒక్కడే కావలెను. ఒక ఐసీ తీగను 5 వోల్టుల వైపునకును, అదే క్షణమున మఱియొకటి గ్రౌండు వైపునకును లాగినచో, ఆ రెంటి నడుమ కరెంటు మితిమీఱి ప్రవహించి, తీగపై ఒకటియు సున్నయు కాని వోల్టేజి నిలిచి, రెండు ఐసీలును వేడెక్కును. పడవల రాకపోకలు సాగిన కాలమున మన ధవళేశ్వరము లాకులలో ఎదురెదురుగా వచ్చు పడవలను వంతులవారీగా విడిచిరే గాని, రెండువైపుల తలుపులను ఒకేసారి తెఱచినవారు లేరు గదా!

ఇట్టి సంఘర్షణ రాకుండుటకే మెమొరీ ఐసీలకు సున్న, ఒకటి అను రెండు స్థితులతోపాటు మూడవ స్థితి యొకటి కల్పింపబడినది. దానితో గూడిన అవుట్‌పుట్టును ట్రై-స్టేట్ అందురు. చిప్ సెలెక్టు కాలిపై సున్న రానంతవఱకు ఆ ఐసీ బస్సును అంటియుండియు అంటనట్లు నిర్లిప్తముగా నుండును. నీవు ఈప్రాము చిప్ సెలెక్టును శాశ్వతముగా గ్రౌండునకు కట్టివేసి యుందువని మా యనుమానము. అది ఒంటరిగా నున్నంతకాలము ఆ కట్టు చెల్లినది, రాము రాగానే బెడిసినది. ఏ15 తీగను ఈప్రాము చిప్ సెలెక్టునకు నేరుగను, రామునకు ఇన్వర్టరు గుండను ఇమ్ము. అప్పుడు ఈప్రాము 0000 నుండియు, రాము హెక్సాలో 8000 నుండియు పలుకును, రెండును ఏకకాలమున పలుకవు. రెంటి అవుట్‌పుట్ ఎనేబుల్ కాళ్ళను 8085 యొక్క ఆర్‌డీ కాలికి కలుపుము. ఇన్‌పుట్ పోర్టు చేర్చిననాడు ఐఓ/ఎం సంకేతమును గూడ ఈ యెంపికలో చేర్చుట మఱువకుము.

ప్రశ్న: వరద రోజుల్లో రేవు దగ్గర నీటిమట్టం ఇంట్లోంచే చూసుకుందామని ఐ2సి సెన్సరు కొన్నానండి. బల్ల మీద చక్కగా పనిచేసింది. రేవులో స్తంభానికి కట్టి, ఇంటిదాకా పది మీటర్ల వైరు లాగేసరికి రీడింగే రావడం లేదు. సెన్సరు పోయినట్టేనా?
— రైతు, బొబ్బర్లంక

జవాబు: సెన్సరు పోలేదండి, దానిని ఓపజాలని దూరమునకు పంపితిరి. ఐ2సి బస్సును ఫిలిప్స్ సంస్థ 1982లో టెలివిజను వంటి యంత్రముల లోపల, ఒకే బోర్డుమీది ఐసీలు తమలో తాము మాటాడుకొనుటకై రూపొందించినది. అందు డేటాకొకటి, క్లాకునకొకటి రెండే తీగలు. ఐసీలు తీగను క్రిందికి లాగగలవే గాని పైకి లేపజాలవు, లేపుపని ఒక రెసిస్టరుది. తీగ పొడవు పెరిగినకొలది దాని కెపాసిటెన్సు పెరుగును. సామాన్యపు కేబులులో అది మీటరుకు 50 మొదలు 100 పికోఫారడ్ల వఱకు ఉండును గనుక, పది మీటర్లకు 500 దాటుట సహజము. ఐ2సి మామూలు వేగములకు నియమించిన పరిమితి 400. అందుచే నిటారుగా లేవవలసిన వోల్టేజి ఏటవాలుగా ఎక్కుచు, అది పూర్తిగా లేచులోపలనే తరువాతి క్లాకు వచ్చిపడుచున్నది.

వేగమును తగ్గించి, 4.7 కిలోఓముల రెసిస్టరునకు మాఱుగా 2.2 కిలోఓములది పెట్టినచో తాత్కాలికముగా రీడింగు రావచ్చును గాని, ఉఱుముల కాలమున దానిని నమ్మరాదు. చిన్న మైక్రోకంట్రోలరును సెన్సరు ప్రక్కనే స్తంభముపై పెట్టెలో నుంచి, అక్కడినుండి ఇంటికి ఆర్ఎస్-485 మార్గమును వేయుడు. ఇందు మెలివేసిన జంట తీగల నడుమనున్న వోల్టేజి భేదమే సమాచారము; బయటి అలజడి రెంటిపైనను సమముగా పడును గనుక భేదము చెడదు. తక్కువ వేగమున 1200 మీటర్ల వఱకు పోగలదు. రెండు కొసలందును 120 ఓముల రెసిస్టర్లు తగిలించుట మానవలదు.

అయినను మీ యంత్రము మీ రేవులోని నీటిని చెప్పునే గాని, ఎగువనుండి రానున్న నీటిని చెప్పజాలదు. భద్రాచలము వద్ద 43, 48, 53 అడుగులకును, ధవళేశ్వరము బరాజి వద్ద 11.75, 13.75, 17.75 అడుగులకును వరుసగా వెలువడు మూడు ప్రమాద హెచ్చరికలనే ప్రమాణముగా గొనుడు. సెన్సరు ఆగినదని వరదలో రేవునకు దిగుట ఎంతమాత్రమును కూడదు.

ప్రశ్న: నేను టూరిస్టు బస్సు నడుపుతానండి. వెనక బంపరుకు వెల్డింగు చేయించిన మర్నాటి నుంచి డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారే వెలిగి ఆరిపోతున్నాయి. ఏబీఎస్ దీపం ఆరడమే లేదు. బండి మాత్రం నడుస్తోంది. ట్రిప్పు వేసుకోవచ్చా?
— డ్రైవరు, రాజమహేంద్రవరం

జవాబు: వేసికొనరాదు. బండి నడచుచున్నది గదా యని బ్రేకుల హెచ్చరికను పెడచెవిని పెట్టుట ప్రయాణికుల ప్రాణములతో చెలగాటము.

నేటి బస్సులో ఇంజను, గేర్లు, ఏబీఎస్, మీటర్లు మొదలగు వానికి వేర్వేరు కంట్రోలు పెట్టెలు కలవు. అవి మాటాడుకొను దారి, జర్మనీ దేశపు బాష్ సంస్థ 1986లో లోకమునకు వెల్లడించిన క్యాన్ బస్సు. అదియు మెలివేసిన రెండు తీగలే. మౌనముగా నున్నప్పుడు రెంటిపైనను ఇంచుమించు 2.5 వోల్టులుండి, పలుకు వేళ ఒకటి 3.5కు లేచును, రెండవది 1.5కు దిగును. రెండు పెట్టెలు ఒకేసారి పలుకబూనినచో, ఏ సందేశమునకు చిన్న సంఖ్య యున్నదో అది నిరాటంకముగా సాగును. రెండవది తనంతట తానే తగ్గి, దారి ఖాళీయైన పిదప మరల ప్రయత్నించును. అంతేకాదు, తన సందేశములు పదేపదే చెడుచున్నవని గుర్తించిన పెట్టె బస్సునుండి స్వయముగా తప్పుకొని తక్కినవానిని పని చేసికొననిచ్చును. మీ యేబీఎస్ పెట్టె అట్లు తప్పుకొనియుండును, లేదా కాలిపోయి యుండును.

మెకానిక్కు చేత ముందుగా చేయింపవలసిన పరీక్ష సులభము. బ్యాటరీ తీగలు తీసివేసి, డయాగ్నొస్టిక్ కనెక్టరు వద్ద క్యాన్ హై, క్యాన్ లో తీగల నడుమ మల్టీమీటరును ఓముల స్థానమున నుంచి చూడవలెను. రెండు కొసలయందు 120 ఓముల రెసిస్టర్లు సమాంతరముగా నుండును గనుక 60 రావలెను. 120 వచ్చినచో ఒక కొస తెగినది. సున్నకు సమీపముగా వచ్చినచో తీగలు రెండును కలిసిపోయినవి. ఇకమీదట వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలను, కంట్రోలు పెట్టెల కనెక్టర్లను ఊడదీయించి, ఎర్త్ క్లాంపును వెల్డింగు చేయుచోటికి అతి సమీపమున పెట్టింపుడు. అలంకారపు దీపములకై ఈ తీగలను ఎవరును గిల్లకుండ చూచుకొనుడు.

ప్రశ్న: మా అమ్మాయి రోజూ బస్సులో రాజమండ్రి కాలేజీకి వెళ్తుంది. పొద్దున పూట కాలు పెట్టే చోటు ఉండదు. ఈమధ్య ఒకడు రద్దీలో కావాలని మీద పడుతున్నాడని ఏడుస్తూ చెప్పింది. వాళ్ళ నాన్నగారు చదువు మాన్పించేద్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, ధవళేశ్వరం

జవాబు: అమ్మా, తప్పు చేసినవాడు బస్సెక్కుచుండగా, తప్పులేని బిడ్డ ఇంట కూర్చుండవలెననుట ఏ న్యాయము? చదువు మాన్పింపవలదని మీ వారితో మా మాటగా చెప్పుడు. వాడు మరల సమీపించినచో గొంతెత్తి పదిమంది వినునట్లు మందలించి, కండక్టరునకు తెలుపుమనుడు. వినిపించుకొనకున్న 112కు గాని, మహిళల సహాయమునకై యున్న 181కి గాని ఫోను చేయవలెను. బస్సు నెంబరు, తేది, వేళ వ్రాసియుంచుకొన్నచో ఫిర్యాదు బలపడును. భారతీయ న్యాయ సంహితలోని 74, 75 సెక్షనులు ఇట్టివారి కొఱకే యున్నవి.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకము వచ్చి, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు తప్పినది, మంచిదే. కాని రద్దీ తనంతట తానే యొక ప్రమాదము. 2018 సెప్టెంబరులో కొండగట్టు ఘాటు దిగుచు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణములు తీసిన బస్సు, మోయవలసినదానికంటె ఎంతో ఎక్కువ మందిని మోయుచుండినది. నిండిన బస్సును విడిచి తరువాతిదానికై నిలుచుట అలవాటు చేయుడు; అందుకొఱకు ఇంటినుండి కొంత ముందు పంపుడు. ఫుట్‌బోర్డుపై నిలువరాదు, ఎదురు బండ్లు ఒరసికొని పోవు చోట కిటికీనుండి చేయి చాపరాదు. దిగిన పిదప బస్సు ముందునుండి దాటక, అది కదలిపోయి రోడ్డు రెండువైపుల కనిపించువఱకు ఆగవలెను.

ప్రశ్న: మా అబ్బాయి నెలకోసారి హైదరాబాదు నుంచి స్లీపరు బస్సులో వస్తాడు. బస్సులు తగలబడుతున్న వార్తలు చూస్తుంటే ఆ రాత్రి మాకు నిద్ర ఉండదు. వాడికి ఏం జాగ్రత్తలు చెప్పాలి?
— విశ్రాంత ఉపాధ్యాయులు, కడియం

జవాబు: అయ్యా, మీ భయము నిర్హేతుకము కాదు. 2013 అక్టోబరు 30న పాలెము వద్ద వోల్వో బస్సు కల్వర్టును కొట్టుకొని దగ్ధమై 45 మంది మరణించిరి. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపమున బస్సు క్రిందికి మోటారుసైకిలు దూరి మంటలు చెలరేగి 19 మంది ప్రయాణికులు ఆహుతియైరి. తెల్లవాఱుజామున నిద్రలో నున్నవారికి తలుపెక్కడనో తెలిసికొను వ్యవధి చిక్కదు.

కావున ఆ పని నిద్రకు ముందే జరుగవలెను. బెర్తు చేరగానే అత్యవసర ద్వారము, పైకప్పు కిటికీ, అద్దము పగులగొట్టు సుత్తి ఎక్కడెక్కడ నున్నవో చూచి, తన బెర్తునుండి అచ్చటికి ఎన్ని బెర్తులో లెక్కించుకొనుమనుడు. పొగలో కన్ను పనిచేయదు, చేతి లెక్కయే దారి చూపును. సుత్తితో ప్రక్క అద్దమును నడుమ గాక మూలన కొట్టవలెను. పొగ క్రమ్మినచో వంగి నడువవలెను. సంచికై వెనుకకు పోరాదు. నడవలో సామానులు పేర్చిన బస్సును, సుత్తి లేని బస్సును, అత్యవసర ద్వారమునకు బెర్తు అడ్డముగా నున్న బస్సును ఎక్కక ముందే ప్రశ్నింపవలెను. 2019 నుండి క్రొత్తగా రిజిస్టరగు బస్సులలో జాడ తెలుపు పరికరమును, ఆపద బటన్లును ఉండవలెనని కేంద్ర నిబంధన. అవి పనిచేయుచున్నవా యని అడుగుటకు ప్రయాణికునికి హక్కు కలదు. డ్రైవరునకు విశ్రాంతి యున్నదా, రెండవ డ్రైవరున్నాడా యని గూడ అడుగుమనుడు: 2015 జూన్ 13న మన బరాజిపైనుండి యాత్రికుల వాహనము పడి 22 మంది గతించినదియు రాత్రి ప్రయాణములోనే.

*ఉత్తరములు వ్రాయువారికి:* సర్క్యూటు ప్రశ్నలకు పటమును, ఐసీ నెంబర్లను, మీరు కొలిచిన వోల్టేజీలను జతపఱుపుడు. ప్రయాణ ప్రశ్నలలో ఊరును, మార్గమును, వేళను తెలిపిన చాలును, పేర్లను ప్రకటింపము. ఆపద జరుగుచుండగా మాకు వ్రాయుచు కాలము వ్యర్థము చేయక, ముందు 112కు ఫోను చేయుడు.