ఈసీ టీవీ – మన హైదరాబాదు ఎలక్ట్రానిక్సు కథ

హై-ఫై అనే మాట మనకు స్టీరియో షాపుల బోర్డుల మీద కనిపిస్తుంది. పాడినవాడి గొంతు ఎట్లున్నదో, మైకులోంచి, తీగల్లోంచి, స్పీకరులోంచి వచ్చి మన చెవిన పడేటప్పుడు కూడా అట్లనే ఉండాలన్నది దాని అర్థం. ఈ విద్యలో ఇంగ్లండు కంపెనీలు ఒకప్పుడు లోకానికి గురువులు. హెరాల్డ్ లీక్ అనే ఆయన 1934లో పెట్టిన కంపెనీ 1945లో 'పాయింట్ వన్' అనే ఆంప్లిఫయరు తెచ్చింది. ధ్వనిలో వచ్చే వక్రత నూటికి 0.1 వంతు మాత్రమే అని చాటుకోవడానికే ఆ పేరు. పీటర్ వాకర్ 1936లో స్థాపించిన కంపెనీ తరువాత క్వాడ్ పేరుతో ప్రసిద్ధికెక్కింది. లీక్ తన కంపెనీని 1969లో రాంక్ సంస్థకు అమ్మేసినాడు. క్వాడ్ 1990లలో చేతులు మారింది. నేడు ఆ రెండు పేర్లూ చైనాలో ఫ్యాక్టరీలున్న ఒకే సంస్థ చేతిలో ఉన్నవి.

ఇంగ్లండు సంగతి మనకెందుకు అని మిత్రులు అడుగవచ్చును. అటువంటి కథే మన ఊళ్ళో కూడా జరిగింది. సికింద్రాబాదు నుంచి వచ్చే బస్సుల మీద 'ఈసీఐఎల్' అని రాసి ఉంటుంది. చాలామందికి అది ఒక చౌరస్తా. పక్కనే ఎ.ఎస్.రావు నగర్ కూడా ఉన్నది. ఆ రావు గారు ఎవరని మా క్లాసులో అడిగితే కార్పొరేటరు కావచ్చునన్నాడు ఒక మిత్రుడు!

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినారు. కాశీ విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు, అమెరికాలో స్టాన్‌ఫర్డులో ఇంజనీరింగు చదివి వచ్చి హోమీ భాభా దగ్గర చేరినారు. ట్రాంబేలో 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. దాని ఇంధనం ఇంగ్లండు నుంచి వచ్చింది. కాని దాన్ని అదుపులో పెట్టే ఎలక్ట్రానిక్సు మాత్రం రావు గారి బృందం ఇక్కడే తయారు చేసింది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పుకోవాలె, లేకుంటే ఆంప్లిఫయరుకూ రియాక్టరుకూ ఏమి సంబంధమో తెలియదు. ఆ సంబంధం పేరు నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. 1927లో అమెరికాలో హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు కనిపెట్టిన ఉపాయం ఇది. మడికి నీళ్ళు కట్టే మనిషిని చూడండి. ఆయన కాలువ మొదట్ల నిలబడి ఊరుకోడు. మడి చివర ఎంత తడిసిందో చూసి, ఎక్కువైతే గండి పూడుస్తాడు, తక్కువైతే పారతో ఇంకొంచెం తీస్తాడు. ఫలితాన్ని వెనక్కి తెచ్చి మొదటితో పోల్చడమే ఫీడ్‌బ్యాక్.

లెక్క కూడా చేద్దాం. ఒక ఆంప్లిఫయరు సంకేతాన్ని 10,000 రెట్లు పెంచుతుందనుకోండి. బయటికి వచ్చినదాంట్లో నూరో వంతు వెనక్కి తెచ్చి తీసివేస్తే, పెంపు 10,000ను 101తో భాగించినంత, అంటే సుమారు 99 రెట్లకు పడిపోతుంది. ఇంత నష్టం ఎందుకు? లాభం ఇప్పుడు చూడండి. లోపలి పార్టు పాతబడి 10,000 కాస్తా 5,000 అయిందనుకుంటే, 5,000ను 51తో భాగించాలె. సుమారు 98 వస్తుంది. లోపల శక్తి సగం పడిపోయినా బయట తేడా నూటికి ఒకటే. లీక్ గారి పాయింట్ వన్ రహస్యం ఇదే. రియాక్టరు శక్తి ఎంత ఉన్నదో కొలిచి, కంట్రోలు కడ్డీలను దించడం, ఎత్తడంలో కూడా ఇదే సూత్రం. ఒకటి తెలిసినవాడికి రెండోది పరాయి విద్య కాదు.

1963లో భారత ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్సు కమిటీని వేసింది. విక్రం సారాభాయి, ఎస్. భగవంతం, ఎ.ఎస్. రావు అందులో సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు, వారిలో భగవంతం గారు ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా పనిచేసినవారు. దేశానికి కావలసిన ఎలక్ట్రానిక్సు దేశంలోనే తయారు కావాలని కమిటీ చెప్పింది. భాభా 1966 జనవరిలో విమాన ప్రమాదంలో పోయినారు. మరుసటేడు, 1967 ఏప్రిల్ 11న, అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ ఏర్పడింది. మొదటి మేనేజింగ్ డైరెక్టరు రావు గారే. టీడీసీ అనే కంప్యూటర్లు అక్కడ తయారైనవి. ఆ పేరులో మొదటి అక్షరం ట్రాంబేది.

రియాక్టర్ల కంట్రోలు ప్యానెళ్ళు చేసే కంపెనీ ఇంట్లో పెట్టుకునే టీవీ ఎందుకు చేసింది? నాకు తోచిన జవాబు ఏమంటే, ఎలక్ట్రానిక్సు నేర్చిన చేతులు ఊరికే ఉండరాదు. 1970లలో వచ్చిన ఈసీ టీవీ గొప్ప 'సాలిడ్ స్టేట్' అనే రెండు మాటల్లో ఉన్నది. అంతకుముందు సెట్లలో వాల్వులుండేవి. వాల్వు లోపల ఫిలమెంటు కాలితేనే ఎలక్ట్రానులు ఊడివస్తాయి. పల్లెల్లో 230 వోల్టులకు బదులు 170 వస్తే, వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక, లెక్కకు సగం దాటి కొంచెమే మిగులుతుంది. ఎలక్ట్రానుల రాక అంతకంటే ఘోరంగా పడిపోతుంది. ట్రాన్సిస్టరుకు కాలే ఫిలమెంటు అక్కరలేదు. తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో పనిచేస్తుంది. బొమ్మ చూపే పిక్చరు ట్యూబు మాత్రం వాల్వు జాతిదే. పూర్తి సాలిడ్ స్టేట్ అన్నా ఆ ఒక్కదాన్ని అప్పట్లో తప్పించలేకపోయినారు.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సైట్ ప్రయోగం నడిచింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా ప్రసారం. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి, తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులోనే తయారైనవి. కోళ్ళ గూటికి వేసే జాలీ లాంటి వలతో మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా, కింద ఒక టీవీ. ఆ సెట్లు చేసింది ఈసీఐఎల్. పట్నంలో చాలా ఇండ్లలో టీవీ లేని రోజుల్లో పల్లె జనం చావడి ముందర కూర్చొని చూసినారు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో గాని రాలేదు.

మా ఊరు చిన్న మంగళారంలో, మా ఇంట్లో, ఒక ఈసీ టీవీ ఇంకా ఉన్నది. టమాటకు మంచి రేటు పలికిన ఒక ఏడాది తాత కొన్నాడట. చెక్క డబ్బా, ముందర జరిపే చెక్క తలుపులు. అనలాగ్ ప్రసారాలు ఆగినాక దాని మీద విత్తనాల సంచులు పెడుతున్నరు. పోయిన ఎండాకాలం మొయినాబాదు మెకానిక్ మామను పిలిచి వెనుక మూత తీయించినాను. పదివేల వోల్టులకు పైగా నడిచే ట్యూబు గనుక, బంద్ చేసినా చార్జి నిలిచి ఉంటుంది, తెలియనివాళ్ళు చెయ్యి పెట్టొద్దు. లోపల ప్రతి పార్టూ కంటికి కనబడుతుంది, ప్రతిదాన్ని విప్పి మార్చవచ్చు. ఇవాళ్టి సెట్లలో బోర్డు పోతే బోర్డే మార్చాలె అన్నాడు మామ.

నాయిన నడుమ అందుకున్నడు. "అరేయ్, తయారు చేసేటోనికి ఏం మిగిలిందిరా? అమ్మేటోనికే గదా. మన టమాట చూస్తలేవా?" నేను ఎం.ఎస్సి. ఎలక్ట్రానిక్సు రాస్తానన్నందుకు ఆ మాట. చుట్టూ పొలాలు ఫామ్‌హౌసులు అవుతున్నవి, కొడుకు ఏదైనా సాఫ్ట్‌వేరు కోర్సు చేరితే తొందరగా జీతం వస్తదని ఆయన ఆశ. ఆయన మాట తీసిపారేసేది కాదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చినప్పుడు బయటి దేశాల నుంచి కిట్లు తెప్పించి ఇక్కడ బిగించడానికి ప్రభుత్వమే అనుమతించింది. బిగించడం వేరు, తయారు చేయడం వేరు. 1991 తరువాత విదేశీ కంపెనీలు ప్రకటనల హోరుతో దిగినవి. ఈసీ టీవీ ఈనాడు తయారు కావడం లేదు. లీక్‌కు ఇంగ్లండులో పట్టిన గతే దీనికి ఇక్కడ పట్టింది, కాకుంటే దీని పేరు కొనుక్కొని మళ్ళీ అమ్మేవాడు కూడా రాలేదు.

నాయినకు నేను చెప్పింది ఇది. టీవీ పోయింది గాని కంపెనీ పోలేదు. మనం ఓటు వేసే యంత్రాలు దేశంలో రెండు ప్రభుత్వ సంస్థలు చేస్తున్నవి. ఒకటి బెంగుళూరు బీఈఎల్, రెండోది మన ఈసీఐఎల్. ఆయన ఇన్నేండ్లుగా ఆ బటను నొక్కుతున్నా ఎక్కడిదో తెలియదు. "గదా?" అని మాత్రం అన్నడు. ఎం.ఎస్సి. సంగతి ఇంకా తేలలేదు.

బెంగుళూరు దగ్గర బైలాలులో 32 మీటర్ల గొడుగు యాంటెన్నా ఒకటి ఉన్నది. 2008లో చంద్రయాన్-1తో మాట్లాడడానికి కట్టినది, ఈసీఐఎల్ పనే. చంద్రుడి చుట్టూ తిరిగే నౌక వైపు అంత పెద్ద పళ్ళెం సూటిగా నిలవాలంటే, ఎటు చూస్తున్నదో కొలిచి, చూడవలసిన దిక్కుతో పోల్చి, తేడా ఉన్నంత మేరకు మోటార్లను తిప్పుతారు. పైన మనం చేసిన లెక్కే అది.