మిడి కేబుల్: కొనేముందు, కలిపేముందు



మా మనవడు స్కాలర్‌షిప్ డబ్బుల్లో కొంత మిగిల్చి ఒక మిడి ఇంటర్‌ఫేస్ కొన్నాడు. పాత కీబోర్డును కంప్యూటరుకు కలిపి పాటలు రికార్డు చేయాలని వాడి కోరిక. రెండు రోజులు తిప్పలు పడ్డా చప్పుడు లేదు. "పాడైనది అంటగట్టారు తాతయ్యా" అని వాడు, "కొత్త కీబోర్డు కొనక తప్పేట్టు లేదు" అని వాళ్ళమ్మ. కొత్తదంటే ఒక సెమిస్టరు ఫీజు. నేను కామర్స్ చదివినవాణ్ణి, సంగీతం రాదు. అయినా దానితో వచ్చిన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను.

మొదట తెలిసిందేమిటంటే, మిడి తీగలో శబ్దం పోదు. మా ఉద్యోగ రోజుల్లో బ్యాంకులో టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ ఉండేది. తీగ మీద డబ్బు పోదు, ఫలానావారికి ఇంత చెల్లించమన్న కబురు పోతుంది. నోట్లు లెక్కపెట్టేది అవతలి బ్రాంచి. ఇదీ అంతే. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న అంకెలే వెళతాయి. మధ్య 'సి' మెట్టు నంబరు 60. బలం 127 వరకు. శబ్దం పుట్టించవలసింది కంప్యూటరులోని వాద్యం సాఫ్ట్‌వేరు. మావాడు అది తెరవనే లేదు!

రెండో పొరపాటు కలపడంలో. ఒకదాని 'అవుట్' రెండోదాని 'ఇన్'లోకి వెళ్ళాలి. వాడు పేరుకు పేరు కలిపాడు, డెబిట్‌కు డెబిట్ రాసినట్టు. కొన్ని చవక కేబుళ్ళ మీద పేరు, అది కీబోర్డులో ఏ రంధ్రంలో పెట్టాలో చెబుతుంది. కొన్నిటి మీద అలా కాదు. పలక్కపోతే రెండు ప్లగ్గులూ తారుమారు చేసి చూడండి. భయం లేదు, 'ఇన్' లోపల సంకేతం వెలుగు రూపంలో దాటుతుంది కనుక పరికరం చెడదు. మాకు అలాగే పలికింది.

పలికాక ప్రతి స్వరమూ రెండుసార్లు వినబడింది. కీబోర్డులో 'లోకల్ ఆఫ్' చేస్తే సరిపోయింది. మూడో వాద్యం ఉంటే రెండోదాని 'త్రూ' నుంచి దాని 'ఇన్'కు ఇవ్వాలి. ఉన్నవి 16 ఛానళ్ళు. పంపేదీ అందుకునేదీ ఒకే ఛానల్ మీద ఉండాలి.

తల్లిదండ్రులు గమనించవలసింది ఒకటుంది. కొనేముందు కీబోర్డు వెనక చూడండి. 'టు హోస్ట్' అని రాసిన చదరపు యు.ఎస్.బి. సాకెట్ ఉంటే ప్రింటర్ కేబుల్ చాలు, ఇంటర్‌ఫేస్ దండగ. అయిదు రంధ్రాల గుండ్రటి సాకెట్ మాత్రమే ఉంటేనే అది అవసరం. గుండ్రటి కేబుల్ 15 మీటర్లు దాటకూడదు. పాతదని కీబోర్డును పారేయకండి. అమెరికా, జపాన్ కంపెనీలు కలిసి 1983లో ఒప్పుకున్న పద్ధతి ఇది. ఆనాటి మిడి వాద్యం నేటి కంప్యూటరుతోనూ మాట్లాడుతుంది. 2020లో వచ్చిన మిడి 2.0 కూడా పాతవాటిని వదిలిపెట్టలేదు.

కర్ణాటక సంగీతం నేర్చేవారికి ఒక ఇబ్బంది ఉంది. గమకం కోసం పిచ్ చక్రం తిప్పితే ఆ ఛానల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కదులుతాయి. అందుకని మావాడు శ్రుతిని వేరే ఛానల్‌లో పెట్టుకున్నాడు.